స్క్రీన్ మీద ఏమీ లేదు

"ఏమీ లేదు నాయనా, పో."

2024 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఎనిమిదిన్నరప్పుడు, ఫోన్ స్క్రీన్ చూసి మా నాయనతో నేనన్న మాట ఇది. చెరుకు తోటలో డ్రిప్ వాల్వు మార్చాల్సి ఉంది. నా మాట నమ్మి ఆయన టార్చి తీసుకుని తోట వైపు కదిలాడు. నేను వెనకాలే ఉన్నా. ఇరవై అడుగులు వేశాడో లేదో, టక్కున ఆగిపోయాడు. వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి నన్ను ఆపాడు.

ఆ తర్వాత ఏమైందో చెప్తా. ముందు ఆ స్క్రీన్ మా ఇంటికి ఎట్లా వచ్చిందో చెప్పాలి.

మాది చిత్తూరు జిల్లాలో పలమనేరు దాటాక, కౌండిన్య అడవిని ఆనుకుని ఉన్న పల్లె. రెండు వందల ఏళ్ల పాటు ఏనుగుల జాడే లేని ఈ వైపుకు 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి అవి రావడం మొదలుపెట్టాయి. 1990లో ఈ అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. మా తాత చిన్నప్పుడు ఏనుగును గుడి ముందరే చూశాడు. మా నాయన పెళ్లయ్యేనాటికి అవి చేలోకి వస్తున్నాయి. నేను పుట్టేసరికి మంచె మీద కాపలా, టపాకాయలు, డబ్బా మోతలు మామూలైపోయాయి. అడవి అంచున కందకాలు తవ్వారు, సోలార్ కంచె వేశారు. ఏనుగులకు ఓపిక ఎక్కువ. కంచె మీద చెట్టును తోసేసి దాటడం కూడా నేర్చుకున్నాయి.

నేను తిరుపతిలో ఈసీఈ చదివా. ఇప్పుడు అక్కడే ఒక చిన్న సోలార్ సర్వీస్ కంపెనీలో పని చేస్తున్నా. మిద్దెల మీద, పొలాల్లో పెట్టిన ప్యానెళ్లలో ఎక్కడ సెల్ దెబ్బతింది, ఎక్కడ కనెక్షన్ వేడెక్కుతోంది అని థర్మల్ కెమెరాతో వెతకడం నా పని. పాడైన సెల్ చుట్టుపక్కల వాటికంటే ఎక్కువ కాగుతుంది. కంటికి అన్నీ ఒకే నీలం. కెమెరాలో మాత్రం అది ఒక్కటీ నిప్పుకణికలా కనిపిస్తుంది.

నిజానికి ఈ రకం సెన్సర్‌ని మీరందరూ చూశారు. 2020 గుర్తుందా? జూన్‌లో తిరుమల దర్శనాలు మళ్లీ మొదలైనప్పుడు అలిపిరి దగ్గర అందరి నుదుటికీ గన్ పెట్టి టెంపరేచర్ చూసేవాళ్లు. మా అమ్మ భయపడి రెండడుగులు వెనక్కి వేసింది. "ఏమీ కాల్చదమ్మా, నీ ఒంట్లోంచి వచ్చే వేడిని అది చూస్తుంది అంతే" అన్నా. "నా ఒంట్లోంచి బయటికొచ్చేది దానికెట్ల అగుపడ్తాది?" అంది అమ్మ.

చాలా మంచి ప్రశ్న అది. చలికాలం చలిమంట పక్కన కూర్చుంటే ముఖం వెచ్చగా, వీపు చల్లగా ఉంటుంది కదా. మధ్యలో గాలి చల్లగానే ఉంది. మరి ముఖానికి వేడి ఎట్లా వచ్చింది? వెలుగులాగే వచ్చింది. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో విడగొట్టి, ఎరుపు రంగు పక్కన, ఏ రంగూ లేని చోట థర్మామీటర్ పెట్టాడు. అక్కడే వేడి ఎక్కువ చూపించింది. అదే పరారుణం, అంటే ఇన్‌ఫ్రారెడ్. మనుషులు, ఎనుములు, రాళ్లు, గోడలు అన్నీ రాత్రీపగలూ ఈ కనిపించని వెలుగును వెదజల్లుతూనే ఉంటాయి. మన కంటికి ఎరుపు 0.7 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతుంది. మన ఒంటి వెలుగు సుమారు 10 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. అందుకే చీకట్లో మనం ఒకరికొకరం కనిపించం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సెన్సర్ కూడా ఒక వస్తువే. అది కూడా వేడిగానే ఉంటుంది, అది కూడా వెలుగుతూనే ఉంటుంది. అందుకే చాలాకాలం మంచి థర్మల్ కెమెరా అంటే సెన్సర్‌ని మైనస్ 196 డిగ్రీల దాకా చల్లబరిచే యంత్రంతో సహా వచ్చేది. బరువు, ఖర్చు, కరెంటు అన్నీ ఎక్కువే. సైన్యంలాంటి పెద్ద సంస్థలకు తప్ప మామూలు వాళ్లకు అందేది కాదు.

చల్లబరచకుండా చూసే దారిని 1980లలో అమెరికాలో హనీవెల్ కంపెనీలో ఆండ్రూ వుడ్ బృందం పట్టుకుంది. దాని పేరు మైక్రోబోలోమీటర్. ఒక్కో పిక్సెల్ అంటే వెంట్రుక మందం కంటే చిన్నదైన పలక. రెండు సన్నటి కాళ్ల మీద, చిప్‌కు తగలకుండా గాలిలో మంచెలా నిలబడి ఉంటుంది. గాలిలో అన్నా కానీ, నిజానికి చుట్టూ గాలి లేకుండా తీసేస్తారు, లేకపోతే పట్టిన వేడి గాలికే పోతుంది. పలక మీద వెనేడియం ఆక్సైడ్ పూత ఉంటుంది. ఎదురుగా ఉన్న వస్తువు ఒక డిగ్రీ వేడెక్కితే ఈ పలక డిగ్రీలో వందో వంతో, అంతకన్నా తక్కువో వేడెక్కుతుంది. ఆ కాస్తకే పూత రెసిస్టెన్స్ మారుతుంది. చిప్ ఆ మార్పును లెక్కపెడుతుంది. ఇట్లాంటి పలకలు వేలల్లో పక్కపక్కన పేరిస్తే బొమ్మ తయారవుతుంది.

ఈ పనిని 1992 దాకా అమెరికా ప్రభుత్వం రహస్యంగా ఉంచింది. బయటికొచ్చాక కథ మారింది. మామూలు సిలికాన్ చిప్‌ల మాదిరే వీటినీ తయారు చేయొచ్చు, చల్లబరిచే యంత్రం అక్కర్లేదు. ధర దిగుతూ వచ్చింది. 2014కి ఫోన్‌కు తగిలించుకునే థర్మల్ కెమెరా అంగట్లోకి వచ్చేసింది.

చాలామంది దీన్ని నైట్ విజన్ అనుకుంటారు. సినిమాల్లో పచ్చగా కనిపించేది వేరే. అది నక్షత్రాల వెలుగులాంటి కొద్దిపాటి వెలుతురును పట్టి పెంచి చూపిస్తుంది. వెలుగు బొత్తిగా లేకపోతే దానికీ చీకటే. మన మచిలీపట్నం బీఈఎల్ పేరు వినే ఉంటారు, సైన్యానికి అట్లాంటి పరికరాలు అక్కడ తయారవుతాయి. థర్మల్‌కు అసలు వెలుతురే అక్కర్లేదు.

సరే, మా ఇంటి సంగతి. 2023 ఆగస్టు 11 రాత్రి అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ల పాపను పొట్టన పెట్టుకుంది. అంతకు ముందు జూన్‌లోనే అదే దారిలో ఒక పిల్లాడు చిరుత నోట్లో పడి, ప్రాణాలతో బయటపడ్డాడు. పాప పోయాక పన్నెండేళ్లలోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు దాటితే ఆ దారిలో పంపలేదు. భక్తుల చేతికి కర్రలు ఇచ్చారు. అమ్మకు మెట్లెక్కే మొక్కు ఉంది. సెప్టెంబర్ చివర్లో ఇద్దరం కర్రలు పట్టుకుని ఎక్కాం. గుంపులు గుంపులుగా నడుస్తున్నారు, గోవిందనామాలు గట్టిగానే వినిపిస్తున్నాయి, కానీ కళ్లన్నీ పొదల మీదే.

ఒకచోట చెట్టుకు కట్టిన ట్రాప్ కెమెరా కనిపించింది. ముందు వైపు చిన్న తెల్లటి ప్లాస్టిక్ ముక్క. దాని వెనక పీఐఆర్ సెన్సర్ ఉంటుంది. ఆఫీసుల్లో మనిషి రాగానే లైటు వెలిగించేది అదే. దానికి బొమ్మ కనిపించదు. ఎదురుగా వేడి కదిలిందా లేదా, అంతే దానికి తెలిసేది. కదిలితే కెమెరాను లేపుతుంది. అమ్మకు చెప్తే, "అయితే పులికి కూడా జొరం చూసే మిషనే కదరా ఇది!" అంది.

నవ్వొచ్చింది. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. గన్‌లో ఒక పిక్సెల్ ఉంది. ట్రాప్ కెమెరాలో ఒకటో రెండో. ఆఫీసు కెమెరాలో 160 అడ్డం, 120 నిలువు, మొత్తం 19,200. మా నాయన రాత్రిళ్లు ఒక టార్చి పట్టుకుని తిరుగుతాడు. మధ్యలో ఏదైనా కొనలేనా?

కొన్నా. ఆఫీసు కెమెరాలాంటి సెన్సర్ ధర అప్పట్లో నాకు ఎక్కువే. నేను తీసుకున్నది గన్‌లో ఉండే రకమే, కాకపోతే 32 అడ్డం 24 నిలువుగా పేర్చినది. మొత్తం 768 పిక్సెళ్లు. నాకు రూ. 7,000 దాకా అయింది. దాన్ని చిన్న బోర్డుకు కలిపి, వైఫైతో ఫోన్‌కు బొమ్మ వచ్చేట్టు ప్రోగ్రామ్ రాసుకున్నా.

మొదటి వారం ఇల్లంతా సర్కస్. అమ్మ కిటికీ అద్దం వెనక నిలబడితే మాయమైపోయింది, ఎందుకంటే ఈ వెలుగు మామూలు అద్దంలోంచి రాదు. మంచి థర్మల్ కెమెరాలకు జెర్మేనియం లెన్సులు వాడేది అందుకే, ధర పెరిగేదీ అందుకే. అదే పల్చటి నల్ల ప్లాస్టిక్ కవరు ముఖానికి అడ్డం పెట్టుకుంటే, కవరు మాయమై అమ్మ ముఖం కనిపించింది. పక్కింటి పిల్లలంతా కవర్లు తెచ్చుకుని క్యూ కట్టారు. మా నాయన ఇదంతా చూసి, "ఏనుగులు కవర్లు కప్పుకోనొస్తాయా ఏమి?" అని లోపలికి పోయాడు.

తర్వాత సీరియస్‌గా పనిలోకి దిగా. మా ఎనుము మీద, కుక్కల మీద, నామీద పరీక్షలు చేశా. రాత్రిపూట చర్మం వేడి ఎంత చూపిస్తోందో రాసుకున్నా. అంతా చూసి ప్రోగ్రామ్‌లో ఒక హద్దు పెట్టా. 26 డిగ్రీలు దాటితే జంతువు, ఎర్రగా చూపించు. దాటకపోతే అది నేలో, చెట్టో, నల్లగా వదిలెయ్. స్క్రీన్ ఎంత శుభ్రంగా కనిపించిందంటే, ఎర్రచుక్క లేకపోతే చేను ఖాళీ అన్నట్టే ఉండేది.

నాలుగు రాత్రులు బాగా పని చేసింది. కుక్కను పట్టింది. మామను పట్టింది, బీడీ వెలిగించుకున్న చోటుతో సహా. అయిదో రాత్రి, మొదట చెప్పిన రాత్రి.

స్క్రీన్ నల్లగా ఉంది. "ఏమీ లేదు నాయనా, పో" అన్నా.

నాయన ఆగిన చోటే నిలబడి గాలి పీల్చాడు. "వాసన వస్తా ఉండాది రా. కదలద్దు" అన్నాడు గొంతు తగ్గించి. నాకేమీ రాలేదు. మళ్లీ స్క్రీన్ చూశా. నలుపే. అప్పుడు చెరుకు గడ విరిగిన చప్పుడు వినిపించింది. ఒకటి కాదు, కట్టగా విరిగినట్టు. నలభై మీటర్లు కూడా ఉండదు. చీకట్లో ఒక చీకటి కదిలింది.

ఇద్దరం వెనక్కి నడిచాం. పరుగెత్తలేదు, నాయన పరుగెత్తనివ్వలేదు. ఇంటి తలుపు మూసుకున్నాక నా చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. ఇంకా నల్లగానే ఉంది.

తెల్లారి చూస్తే కాలవ దగ్గర అడుగులు. అక్కడి బురదలో పొర్లి వచ్చాయి. అప్పుడు అర్థమైంది నేను చేసిన తప్పు. ఒకటి కాదు, మూడు.

మొదటిది, థర్మల్ కెమెరా ఒంట్లోని వేడిని చూడదు, పైన కనిపించే వేడిని చూస్తుంది. ఏనుగు తోలు మందం, చలిరాత్రి ఆ తోలు బయటి గాలికి దగ్గరగా చల్లబడిపోతుంది. లోపలి వేడిని ఎక్కువగా చెవుల నుంచి వదులుతుంది. దాని మీద తడి బురద పూసుకుంటే ఇక చెప్పక్కర్లేదు. నేను ఎనుమును చూసి పెట్టిన 26 డిగ్రీల హద్దు కింద అది హాయిగా నడిచొచ్చింది.

రెండోది, దూరం. నా సెన్సర్ 55 డిగ్రీల వెడల్పును 32 గళ్లుగా చూస్తుంది. నలభై మీటర్ల దూరంలో ఒక్కో గడి 1.2 మీటర్లు. మూడు మీటర్ల ఏనుగు నా స్క్రీన్ మీద రెండున్నర గళ్ల ఎత్తు. అందులో సగం చెరుకాకు కప్పేసింది. వెనకాల రాళ్లగుట్ట పగలంతా కాగి, రాత్రి ఎనిమిదిన్నరకు కూడా ఏనుగుకంటే వెచ్చగానే ఉంది.

మూడోది సెన్సర్ తప్పు కాదు, నా నోటి తప్పు. సెన్సర్ "నాకు కనపడలేదు" అంది. నేను దాన్ని "ఏమీ లేదు"గా మార్చి మా నాయనకు చెప్పా. రెండూ ఒకటి కాదు. ఆ రెండు మాటల మధ్య ఉన్న సందులోకి మా నాయనను టార్చి ఇచ్చి పంపించా.

నాయన తిట్టలేదు. విరిగిన చెరుకు ఏరుకుంటూ, "నాకు ముక్కు ఉండాది. నీ దానికి లేదు. అంతే కదా" అన్నాడు. తిట్టుంటే బాగుండేది.

రెండు వారాలు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత ఆఫీసులో అడిగి ఒక శనివారం అక్కడి కెమెరా ఇంటికి తెచ్చా. మిద్దె మీద కూర్చున్నా. రాత్రి పదకొండు దాటాక, అరవై మీటర్ల దూరంలో మూడు ఆకారాలు. ఒక్కోటి ఎనిమిది పిక్సెళ్ల ఎత్తు. ఒళ్లు చీకటితో కలిసిపోయింది కానీ, చెవులు మాత్రం ఆడించినప్పుడల్లా మసగ్గా వెలిగి ఆరుతున్నాయి. ఇన్నేళ్లుగా మా పంట తొక్కుతున్న జంతువును నేను ప్రశాంతంగా చూసింది అదే మొదటిసారి. నాయనకు చూపిస్తే చాలాసేపు చూశాడు. "బిడ్డ ఉండాది రా మధ్యలో" అన్నాడు. నాకు మసక చుక్కే కనిపించింది. పిక్సెళ్లు ఇద్దరికీ అవే. చూసే అనుభవం వేరే.

తర్వాత నా పాత సెన్సర్‌ని మళ్లీ బయటికి తీశా. ఈసారి చేనంతా కాపలా కాయమని అడగలేదు. ఏనుగులు కాలవ దాటే సందు ఒకటుంది, నాయనకు తెలుసు. ఆ సందుకు పది మీటర్ల దూరంలో కొయ్యకు కట్టా. పది మీటర్లలో ఒక్కో గడి 30 సెంటీమీటర్లే, ఏనుగు పది గళ్ల ఎత్తు వస్తుంది. 26 డిగ్రీల హద్దు తీసేశా. ఇప్పుడది వేడి ఎంత అని చూడదు, ముందరి బొమ్మకూ ఇప్పటి బొమ్మకూ తేడా చూస్తుంది. రాళ్లకంటే వెచ్చనైనా, చల్లనైనా సరే, పెద్ద ఆకారం కదిలితే చాలు. ఇంటి గోడ మీద ఎర్రబల్బు వెలుగుతుంది. బల్బు వెలిగితే ఎవరూ బయటికి రారు, ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేస్తాం. ఏనుగును తరమడానికి కాదు, దానికి ఎదురుపడకుండా ఉండడానికి.

అదే ఫిబ్రవరిలో తమిళనాడులో కోయంబత్తూరు దగ్గర మదుక్కరైలో రైలు పట్టాల పక్కన 12 టవర్లు కట్టి, థర్మల్ కెమెరాలతో ఏనుగులను కనిపెట్టి రైళ్లవాళ్లను హెచ్చరించే ఏర్పాటు మొదలైందని చదివా. కోట్ల పని అది. 2025లో మన దగ్గరికి కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులు వచ్చాయి, పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి క్యాంపు పెట్టారు. పెద్ద పనులు పెద్దవాళ్లు చేస్తారు. కానీ మా కాలవ సందు దగ్గర టవరు రాదు. అక్కడికి రాగలిగింది రూ. 7,000 సెన్సరే. ఈ ధర ఇంకా దిగాలి, పిక్సెళ్లు ఇంకా పెరగాలి. అడవి అంచున ఉన్న ప్రతి ఇంటికీ అందేంతగా.

బల్బు చాలాసార్లు ఊరికే వెలిగింది. అడవిపందులకు, ఎవరిదో తప్పిపోయిన ఆవుకు, ఒకసారి నాకే. రెండు రాత్రులు మాత్రం నిజంగా ఏనుగులకే వెలిగింది. ఆ రెండు రాత్రులూ మా నాయన లోపలే ఉన్నాడు.

మొన్న ఒక మాట అన్నాడు. "ఎర్రబల్బు పెట్టినావు సరే. ఏమీ లేనప్పుడు వెలిగేదానికి పచ్చబల్బు కూడా పెట్టు రా. చూసుకుని పోతాము."

పెట్టనన్నా. ఎందుకని అడిగాడు.

"ఉంటే ఉందని అది చెప్పగలదు నాయనా. లేదని చెప్పేదానికి దానికి చేతకాదు."

ఆయన ఏమీ అనలేదు. టార్చి తీసుకుని గడప దాటే ముందు ఎప్పటిలాగే ఒక నిమిషం నిలబడి గాలి పీల్చాడు. ఇప్పుడు నేనూ పక్కనే నిలబడి పీలుస్తున్నా. నాకింకా ఏ వాసనా తెలియదు. నేర్చుకుంటున్నా.